నాన్న బడికి బయలుదేరతారు, అమ్మ కొంగున గేటు తాళంచెవి

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు 48 ఏళ్ళు, బ్యాంకు ఉద్యోగం. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో భర్త, ఇంటర్ చదివే కూతురు, మంచం దిగలేని అత్తగారు ఉంటారు. అమ్మానాన్నలు గుంటూరు బ్రాడీపేటలో సొంతింట్లో ఇద్దరే. నాన్నగారికి 79, జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. షుగరుకు పదిహేనేళ్ళుగా మాత్రలు వాడుతున్నారు. మూడేళ్ళుగా మరుపు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అనడంతో మొదలై, కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, మనవరాలిని తన చెల్లెలి పేరుతో పిలవడం దాకా వచ్చింది. దగ్గరలోని డాక్టరు "వయసు మళ్ళింది కదా, చాదస్తం" అని నిద్రమాత్ర రాశారు.

ఇప్పుడు సాయంత్రం అయిదయ్యేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాచీ పెట్టుకుని, "బడికి టైమైంది" అని గుమ్మం దిగుతారు. అమ్మ "ఇప్పుడు సాయంత్రమండీ" అంటే కోపం. రెండు నెలల కిందట అలాగే వెళ్ళిపోయి, రాత్రి తొమ్మిదింటికి రైల్వే స్టేషన్ దగ్గర కనిపించారు. తెనాలి పాసింజర్ ఎన్నో ప్లాట్‌ఫాం అని అడుగుతున్నారట. పాత విద్యార్థి ఒకాయన ఆటో తోలుతూ గుర్తుపట్టి ఇంటికి తెచ్చి దించాడు. ఆ రోజు నుంచి అమ్మ గేటుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుని పడుకుంటున్నారు. ఆవిడకు 72, బీపీ, మోకాళ్ళ నొప్పులు. పోయిన నెల బాత్రూంలో ఆయన తూలితే పట్టుకోబోయి మణికట్టు బెణికింది.

డల్లాస్‌లో ఉన్న తమ్ముడు హైదరాబాద్‌లోని ఒక సీనియర్ లివింగ్ బ్రోచర్ పంపి, "ఇద్దరినీ అక్కడ చేర్చేద్దాం అక్కా, డబ్బు నేను చూసుకుంటా" అంటున్నాడు. పెదనాన్నగారు "ఇద్దరు పిల్లలుండి ఆశ్రమమా?" అంటున్నారు. అమ్మేమో "నేను బతికుండగా ఆయన్ని ఎక్కడా వదలను, కూతురింట్లోనూ ఉండను" అంటోంది. ఏజెన్సీ నుంచి పెట్టిన కేర్‌టేకర్, నాన్న చెయ్యి చేసుకున్నారని తొమ్మిదో రోజే వెళ్ళిపోయాడు. "నాన్నను హోమ్‌లో పెడితే పాపమా? పెడితే ఇద్దరినీ పెట్టాలా? నేను ఉద్యోగం మానేయాలా? రాత్రిళ్ళు ఫోన్ మోగితే గుండె జారిపోతోంది" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ తాళంచెవి దగ్గర ఆగిపోయాను. నాలుగు పేజీలూ నాన్నగారి గురించే రాశారు, అమ్మ గురించి రాసింది అయిదారు వాక్యాలు. కానీ మీ పుట్టింట్లో ఇప్పుడు నడుస్తున్న ఏర్పాటంతా ఆవిడ ఒంటి మీదే నడుస్తోంది. కొంగు పట్టుకుని అరనిద్రలో రాత్రులు గడుపుతున్న మనిషి రేపు ఒక్కసారి జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆసుపత్రి వరండాలో నిలబడి గంటలో జవాబు చెప్పాల్సి వస్తుంది. అప్పుడు ఎక్కడ మంచం ఖాళీగా ఉంటే అదే దిక్కు. అందుకే ఇల్లా, హోమా అన్నది తేల్చుకునే ముందు, ఈ ఏర్పాటులో అమ్మ రాత్రికి ఎన్ని గంటలు నిద్రపోతుంది అన్న లెక్క పెట్టుకోండి. ఏ దారి ఎంచుకున్నా ఆ లెక్కతోనే కొలవండి.

దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. నాన్నగారి జబ్బేమిటో ఇంతవరకు ఎవరూ సరిగ్గా చూడలేదు. మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తినీ ఆలోచననూ దెబ్బతీసే జబ్బు, ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. అంటే మిగతా తొంభై మందికి పైగా వయసు వచ్చింది కానీ ఈ జబ్బు రాలేదు. కాబట్టి "వయసు కదా" అన్నది రోగనిర్ధారణ కిందికి రాదు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ కావచ్చు, మెదడులో చిన్నచిన్న రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చేది కావచ్చు. బి12 లోపం, థైరాయిడ్, ఒంట్లో సోడియం తగ్గడం, డిప్రెషన్, ఎప్పుడో తగిలిన దెబ్బకు తలలో రక్తం గూడుకట్టడం లాంటివి కూడా ఇలాగే కనిపిస్తాయి, ఉన్న మరుపును ఇంకా పెంచుతాయి. వీటికి వైద్యం ఉంది. షుగరుకు వాడేది మెట్‌ఫార్మిన్ అయితే బి12 పరీక్ష తప్పకుండా చేయించండి. ఆ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గే అవకాశం ఉంది. చెవులు కూడా చూపించండి. వినపడని మనిషి మరిచిపోయినట్టే కనిపిస్తాడు.

గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి)లో మెదడు, నరాల జబ్బులు చూసే న్యూరాలజీ విభాగం ఉంది. మీ ఇద్దరి ఊళ్ళకూ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. న్యూరాలజిస్టుకు గానీ, పెద్దవాళ్ళను చూసే సైకియాట్రిస్టుకు గానీ చూపించండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి, ఆ నిద్రమాత్రతో సహా. కొన్ని నిద్రమాత్రలు, జలుబుకూ దురదకూ వాడే మత్తు మాత్రలు పెద్దవాళ్ళలో గందరగోళాన్ని పెంచుతాయి, రాత్రి లేచినప్పుడు తూలిపడేలా చేస్తాయి. బాత్రూంలో ఆయన తూలడానికి అదే కారణమేమో డాక్టరును అడగండి. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపేయొద్దు. అల్జీమర్స్ అని తేలితే డోనెపెజిల్, మెమాంటిన్ లాంటి మందులు రాయవచ్చు. అవి జబ్బును నయం చేయవు, కొందరిలో కొంతకాలం లక్షణాలను కాస్త తగ్గిస్తాయి. ఇంకో మాట. ఈ మరుపు నెలల తరబడి మెల్లగా పెరిగేది. రెండు రోజుల్లో ఉన్నట్టుండి మనిషి మారిపోతే, మగతగా పడిఉంటే, లేనివి కనిపిస్తున్నాయంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది ఏదో ఉండవచ్చు. అప్పుడు అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక తమ్ముడు పంపిన బ్రోచర్ సంగతి. అతని మనసు మంచిదే, కానీ అందులో ఉన్నది మీ నాన్నగారికి సరిపోయే చోటు కాకపోవచ్చు. హోమ్ అన్న ఒక్క మాట కింద మనం చాలా రకాలను కలిపేస్తున్నాం. సీనియర్ లివింగ్ అని అమ్మేవి చాలావరకు ఫ్లాట్లు. లిఫ్టు, క్యాంటీన్, వాకింగ్ ట్రాక్, పిలిస్తే నర్సు. తమ పనులు తాము చేసుకోగలిగిన వాళ్ళకు అవి బాగుంటాయి. అసిస్టెడ్ లివింగ్ అంటే స్నానం, బట్టలు, మందులు, నడక లాంటి పనుల్లో రోజూ సాయం చేసే చోటు. మెమరీ కేర్ వేరు. అక్కడ తలుపులు మనిషి తనంతట తాను బయటికి వెళ్ళిపోకుండా ఉంటాయి, రాత్రి కూడా మెలకువగా ఉండే సిబ్బంది ఉంటారు, మరుపున్న వాళ్ళతో ఎలా మాట్లాడాలో వాళ్ళకు శిక్షణ ఉంటుంది. ఉండాలి కూడా. బోర్డు మీద రాసినంత మాత్రాన ఉన్నట్టు కాదు. మన విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వృద్ధాశ్రమాలు చాలానే ఉన్నాయి కానీ, మతి తప్పి తిరిగేవాళ్ళను, చెయ్యి చేసుకునేవాళ్ళను చేర్చుకోబోమని చాలామంది ముందే చెప్పేస్తారు. కాబట్టి ఫోన్‌లో మొదటి ప్రశ్న ఫీజు గురించి వద్దు. "మా నాన్నగారు సాయంత్రం బయటికి వెళ్ళాలని గొడవ చేస్తారు, కేర్‌టేకర్ మీద చెయ్యి చేసుకున్నారు, ఇలాంటి వాళ్ళను మీరు ఉంచుకుంటారా, జబ్బు ముదిరితే వెనక్కి పంపేస్తారా?" అని ఉన్నది ఉన్నట్టు అడగండి. దాచి చేర్పిస్తే నెల తిరక్కుండా తీసుకెళ్ళమని ఫోన్ వస్తుంది.

చూడటానికి వెళ్తే ఒకసారి చెప్పి, ఒకసారి చెప్పకుండా, వీలైతే రాత్రి ఎనిమిది తర్వాత వెళ్ళండి. మా అత్తగారికి ఇదే జబ్బు వచ్చినప్పుడు మేము పగలు వెళ్ళి చూశాం. తోట, భజన, తెల్లటి దుప్పట్లు చూసి నమ్మేశాం. రాత్రి పూట ఇరవై మందికి పైగా ఉన్న వాళ్ళందరికీ ఒక్క మనిషే ఉండేదని ఆవిడ మంచం మీద నుంచి పడ్డాకే తెలిసింది. ఆ తప్పు నా మనసులోంచి పోలేదు. మీరు రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారో అడిగి ఊరుకోకుండా కళ్ళతో చూడండి. లోపలికి అడుగుపెట్టగానే మూత్రం వాసన వస్తోందా, పగలంతా డైపర్లతోనే కూర్చోబెడుతున్నారా, కుర్చీకి కట్టేసిన వాళ్ళు కనిపిస్తున్నారా, టీవీ ముందు వరుసగా కూర్చున్న వాళ్ళలో ఒక్కరితోనైనా ఎవరైనా మాట్లాడుతున్నారా గమనించండి. డిపాజిట్ ఎంత, మధ్యలో తీసుకొచ్చేస్తే ఎంత తిరిగి ఇస్తారు, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే ఎవరు వెంట ఉంటారు అన్నవి కాగితం మీద రాయించుకోండి.

భాష సంగతి కూడా చెప్పాలి. మరుపు ముదిరే కొద్దీ కొందరిలో తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోవచ్చు, చిన్ననాటి భాష మిగలవచ్చు. ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాస్టారైనా రేపు "మంచినీళ్ళు" అనే అనవచ్చు. అక్కడ రాత్రి పూట పనిచేసే కుర్రాళ్ళకు తెలుగు రాకపోతే ఆ మాట ఎవరికీ అందదు. పెద్ద ఊళ్ళో మెరుగైన సదుపాయం ఉండవచ్చు. కానీ మీరు వారానికోసారి వెళ్ళి తలుపు తట్టగలిగే దూరంలో ఉన్న చోటుకు దానికి సమానమైన బలం ఉంది. ఎవరూ రాని మనిషి కంటే, ఎవరో ఒకరు ఎప్పుడైనా వచ్చే మనిషిని ఎక్కడైనా కాస్త బాగా చూస్తారు.

ఇద్దరినీ కలిపి పెట్టాలా అన్నారు. నాన్నగారికి కావలసినది కాపలా, అమ్మకు కావలసినది విశ్రాంతి. ఇద్దరినీ ఒకే గదిలో పెడితే కాపలా పని మళ్ళీ అమ్మ మీదే పడే ప్రమాదం ఉంది, సిబ్బంది కూడా "అమ్మగారున్నారుగా" అని వదిలేస్తారు. ఒకే ఆవరణలో రెండు విభాగాలు ఉన్న చోటు దొరికితే ఆవిడ పగలు ఆయన దగ్గర కూర్చుని, రాత్రి తన గదిలో పడుకోవచ్చు. అలాంటివి తక్కువ, ఖర్చూ ఎక్కువ. ఆయన్ని ఒక్కరినే చేర్చి అమ్మ బ్రాడీపేటలో ఉంటే ఒళ్ళు కోలుకుంటుంది. కానీ 50 ఏళ్ళకు పైగా ఒకే కప్పు కింద ఉన్న మనిషి, ఖాళీ ఇంట్లో అన్నం వండుకుని తినగలదా అన్నది ఆవిడే చెప్పాలి. ఒప్పుకుంటే ముందు మూడు నాలుగు వారాలు మాత్రమే ఉంచి చూసే వీలుందేమో అడగండి. అమ్మ మోకాలి వైద్యం పేరు మీద చేయవచ్చు, అది అబద్ధం కూడా కాదు. కొత్త చోట మొదటి రెండు వారాలు నాన్నగారికి గందరగోళం పెరుగుతుంది. అది చూసి మూడో రోజే తీసుకొచ్చేయకండి. అలాగని ఒంటి మీద దెబ్బలు కనిపిస్తున్నా, మనిషి చిక్కిపోతున్నా "అలవాటవుతుందిలే" అనుకోకండి.

ఇంట్లోనే ఉంచుకోవాలనుకుంటే, తొమ్మిది రోజుల కేర్‌టేకర్ అనుభవంతో ఆ దారి మూసుకుపోలేదు. అతను ఎందుకు దెబ్బ తిన్నాడో అడిగారా? చాలాసార్లు స్నానం దగ్గరే జరుగుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి బట్టలు విప్పబోతే ఎవరైనా చెయ్యి విసురుతారు. మళ్ళీ ఎవరినైనా పెడితే మొదటి వారం ఒంటి మీద చెయ్యి వేయకుండా, పక్కన కూర్చుని పేపరు చదివించుకోమనండి. "మాస్టారూ" అని పిలవమనండి. 24 గంటల మనిషి ఖర్చు మోయలేకపోతే, మీ అమ్మకు కష్టమైన వేళలకే పెట్టండి. సాయంత్రం నాలుగు నుంచి పొద్దున ఆరు దాకా ఒక మనిషి ఉంటే అమ్మకు రాత్రి మిగులుతుంది.

సాయంత్రం బడి సంగతి. పొద్దుగూకే వేళకు ఈ గందరగోళం పెరగడం ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. ఇంట్లో చీకటి పడకముందే లైట్లన్నీ వేయండి, మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకోనివ్వకండి. "ఇప్పుడు సాయంత్రం, మీరు రిటైరై ఇరవై ఏళ్ళయింది" అని చెప్పిన ప్రతిసారీ ఆయనకు అది కొత్త దెబ్బే. వాదనలో అమ్మ గెలిచినా ఇంట్లో గొడవే మిగులుతుంది. ఆయన తెనాలి బండి ఎక్కాలనుకున్నది పిచ్చితో కాదు. ఏళ్ళ తరబడి వెళ్ళిన పని అది, ఒళ్ళు గుర్తుపెట్టుకుంది. ఒక హాజరు పట్టీ, పెన్ను ఇచ్చి, "ముందు ఇది పూర్తి చేయండి మాస్టారూ, బండి ఆలస్యమట" అంటే చాలాసార్లు కూర్చుంటారు. తర్వాత కేర్‌టేకర్‌తో కలిసి వీధి చివరి దాకా నడిచి తిరిగి వస్తే ఆ రోజుకి బడి అయిపోయినట్టే. ఇది మోసం చేయడమేమో అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించేది. కానీ మా అత్తగారు గాజులు పోయాయని ఏడ్చినప్పుడు, "ఎవరూ తీయలేదు" అని వాదించిన రోజుల కంటే "పదండి, వెతుకుదాం" అన్న రోజులే ఆవిడకు ప్రశాంతంగా గడిచాయి.

తాళం గురించి జాగ్రత్త. మంటలొస్తే, అమ్మే లోపల పడిపోతే, కొంగున ఉన్న ఆ ఒక్క తాళంచెవితో ఎవరూ లోపలికి రాలేరు. రెండో తాళంచెవి పక్కింట్లో ఇవ్వండి. రాత్రి గ్యాస్ సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేయండి. చొక్కా లోపలి వైపు పేరు, మీ ఫోన్ నంబరు కుట్టించండి. వీధిలో టీ బంకు, ఆటో స్టాండ్, స్టేషన్‌లో రైల్వే పోలీసుల దగ్గర ఆయన ఫొటో ఇచ్చి చెప్పి ఉంచండి. కనపడకపోతే గంటల తరబడి మీరే వెతుక్కోకుండా వెంటనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.

మధ్యస్థంగా ఇంకో దారి మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించినట్టు లేదు. కూతురింట్లో ఉండనన్న అమ్మ, కూతురి వీధిలో ఉండనని అనలేదు. పటమటలో మీ ఇంటికి నడిచివెళ్ళే దూరంలో కింది పోర్షన్ ఒకటి అద్దెకు తీసుకుంటే మీరు రోజుకు రెండు పూటలా చూడవచ్చు. దీనికి వెల ఉంది. బ్రాడీపేటలో కళ్ళు మూసుకుని కూడా బాత్రూంకు వెళ్ళగలిగే నాన్నగారు కొత్త ఇంట్లో గోడలు తడుముకుంటారు, ఆయన్ని గుర్తుపట్టే పాత విద్యార్థులు అక్కడ ఉండరు. మారాలనుకుంటే జబ్బు ఇంకా ముదరకముందే మారడం మేలు.

డబ్బు సంగతి తమ్ముడితో భావాలు కలపకుండా మాట్లాడండి. పెన్షన్ ఎంత, నెలకు అతనెంత పంపగలడు, ఎన్నేళ్ళు పంపగలడు. ఈ జబ్బు ఏళ్ళ తరబడి నడుస్తుంది. హెల్త్ కార్డులు, 70 దాటినవాళ్ళకు 2024లో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆసుపత్రి వైద్యానికే, హోమ్ ఫీజుకు రావు. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంటే అమ్మకం మాట ఇప్పుడు ఎత్తకండి. ఆయన తరఫున సంతకాలు చేసే అధికారమిచ్చే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే చాలని ఎవరైనా అంటే నమ్మకండి. మన చట్టం ప్రకారం రాసిన మనిషి మతి స్థిమితం పోతే ఆ అధికారమూ పోతుంది. అర్థం చేసుకోలేని స్థితిలో పెట్టించిన సంతకాలు తర్వాత మిమ్మల్నే కోర్టుకు లాగుతాయి. పెన్షన్ ఖాతా అమ్మతో జాయింట్‌గా ఉందో లేదో, ఏటా లైఫ్ సర్టిఫికేట్ ఎవరు ఇప్పిస్తున్నారో చూసుకోండి. బ్యాంకు పని మీకు చెప్పాల్సిన పని లేదు. ఎప్పుడైనా ఇంటిని పిల్లల పేరు మీదికి మార్చమని మాట వస్తే, అమ్మను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయమని కోరాలంటే ఆ షరతు కాగితం మీద ఉండటం చాలా ముఖ్యం.

ఉద్యోగం మానేయాలా అన్నారు. నా మటుకు నేను వద్దంటాను. మీ ఇంట్లో మంచం మీద ఒక పెద్దావిడ, గుంటూరులో ఇద్దరు. ఈ ముగ్గురి మధ్య మీకు రోజూ ఎనిమిది గంటలు మనిషిలా కూర్చునే చోటు ఆ బ్యాంకే. జీతం పోతే కేర్‌టేకర్‌ను పెట్టే స్తోమతా పోతుంది. నాలుగు నెలలకు ఒక వారం సెలవు పెట్టి అమ్మను మీ దగ్గరకు రప్పించడం, ఆ వారం తమ్ముడు గుంటూరు వచ్చి ఉండటం అడగదగ్గ విషయం. డబ్బు పంపడం బాధ్యతే, కానీ ఏడాదికి మూడు వారాలు ఆ ఇంట్లో పడుకుంటే అతని సలహాలు కూడా మారతాయి.

పాపమా అన్న ప్రశ్నకు పెదనాన్నగారి దగ్గర కంటే మీ దగ్గరే జవాబు ఉంది. ఆయన ఒక్క రాత్రి వచ్చి నాన్నగారి పక్కన పడుకున్నారా? చూసుకోవడం అంటే అన్నీ మన చేత్తో చేయడమేనని నేనూ అనుకునేదాన్ని. ఇంట్లోనే ఉంచి, విసుగుతో అరిచి, తర్వాత ఏడ్చిన రోజులు నాకున్నాయి. మంచి చోట చేర్చి, వారం వారం వెళ్ళి, గోళ్ళు కత్తిరించి, ఇష్టమైన పెసరట్టు తినిపించి వచ్చే కూతురు తండ్రిని వదిలేసినట్టు కాదు. చేర్చి మరిచిపోతే అప్పుడు ఆ మాట వర్తిస్తుంది. దగ్గరలో ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు. రాత్రిళ్ళు మీకొచ్చే ఆ గుండెదడ కోసం ఇంకోటి చెబుతున్నాను, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా.

వచ్చే శనివారం గుంటూరు వెళ్ళండి. రాత్రికి అమ్మను లోపలి గదిలో తలుపేసుకుని పడుకోమని చెప్పి, గేటు తాళంచెవి మీరు తీసుకోండి. నాన్న ఎన్ని గంటలకు లేచారు, ఏమడిగారు, ఏం చేస్తే మళ్ళీ పడుకున్నారు అన్నది ఒక కాగితం మీద రాయండి. డాక్టరుకూ, కొత్త కేర్‌టేకర్‌కూ, డల్లాస్‌లో తమ్ముడికీ, రేపు ఏ హోమ్‌కు వెళ్ళినా వాళ్ళకూ ఆ కాగితమే పనికొస్తుంది. అమ్మను లేపకండి, తనంతట తాను లేవనివ్వండి. లేచాక కాఫీ కలిపి ఇచ్చి, నాన్న వినని చోట కూర్చోబెట్టి, నీకేం కావాలమ్మా అని అడగండి.